సమీక్షల్లోని మాటల నుంచి సిఫార్సు ఎలా పుడుతుంది?

ఆన్‌లైన్ దుకాణం మీకు వస్తువులను సిఫార్సు చేయడానికి నక్షత్రాల రేటింగు ఉండగా, కొన్నవారు రాసిన సమీక్షలోని మాటలను కూడా కంప్యూటర్ ఎందుకు చదవాలన్నది ప్రశ్న. నక్షత్రాలు వస్తువు నచ్చిందో లేదో చెబుతాయి, ఎందుకు నచ్చిందో చెప్పవు.

ఒకరు హెడ్‌ఫోన్‌కు మూడు నక్షత్రాలిచ్చి, "ధ్వని అద్భుతం, కానీ గంట దాటితే చెవులు నొప్పి పుడుతున్నాయి" అని రాశారనుకోండి. ప్రోగ్రామ్ ఇందులో ధ్వనికి మెప్పును, సౌకర్యానికి ఫిర్యాదును విడివిడిగా నమోదు చేసుకుంటుంది. ఇలా వందల సమీక్షల నుంచి ఆ వస్తువు గుణదోషాల పట్టిక తయారవుతుంది. మీ పాత సమీక్షల్లో పదే పదే సౌకర్యం ప్రస్తావనే ఉంటే ఆ హెడ్‌ఫోన్ మీకు చూపే సిఫార్సుల జాబితాలో కిందికి జారుతుంది. ధ్వనే ప్రాణమనుకునేవారికి పైకి వస్తుంది. సమీక్షల నుంచి గుణాలను ఏరే ఈ పనికి హు, లియు అనే పరిశోధకులు 2004లో రాసిన పరిశోధనా పత్రం పునాదుల్లో ఒకటి.

మీ కొనుగోళ్లనూ రేటింగులనూ ఇతరులవాటితో పోల్చే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. కాకపోతే నిన్న మొన్న వచ్చిన వస్తువును కొన్నవారు తక్కువ కాబట్టి దాని దగ్గర చతికిలబడుతుంది. అక్కడ పది వివరమైన సమీక్షలున్నా మేలే.

మాటలను అర్థం చేసుకోవడమే అసలు తంటా. "త్వరగా వేడెక్కుతుంది" అన్నది కెటిల్‌కు పొగడ్త, ఫోనుకు నింద. వెటకారం సంగతి సరేసరి. ఇక డబ్బిచ్చి రాయించిన సమీక్షలను ముందే ఏరివేయకపోతే పట్టిక మొత్తం తప్పుల తడకే. ఒకే రోజు, ఒకే తరహా వాక్యాలతో వచ్చిపడే పొగడ్తలను నేనైతే లెక్కలోకే తీసుకోను.