నాలుగు సిట్టింగులు కాదే బంగారూ

బంగారూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది, పిల్ల ఏడీహెచ్‌డీ అంటంది, అదే ధ్యాస ఒక్కచోట నిలవని ఇబ్బంది, వైజాగ్ వెళ్ళి థెరపీ చేయించుకుంటానంటంది, సంబంధాలవాళ్ళకి తెలిస్తే ఏటవుద్దే చెల్లీ అని. సర్ది చెప్పి ఫోన్ పెట్టీసాక నాకు గర్వంగానే అనిపించింది, నేను 52 ఏళ్ళకి వెళ్ళిన చోటికి నువ్వు 27కే వెళ్తున్నావు కదా. ఆ తర్వాతే భయమేసింది. నెల్లో అయిపోద్ది, నాలుగు సిట్టింగులు అన్నావంట కదా మీ అమ్మతో?

నాలుగు కాదే. మామూలుగా వారానికొకటి చొప్పున ఓ 12, ఒక్కోటి ముప్పావు గంటో గంటో, అంటే మూడు నెలల మాట. కొందరికి 8తో సరిపోద్ది, కొందరికి 16 దాటుతాయి, దిగులూ ఆందోళనా కూడా కలిసుంటే ఇంకా సాగుద్ది. అయ్యాక కూడా అప్పుడప్పుడు రమ్మంటారు, బూస్టర్ అని. పెళ్ళిచూపుల లోపు అయిపోవాలని మీ అమ్మ అంటే నాతో మాట్లాడమను.

ముందు సైకియాట్రిస్టుకి చూపించుకో. 12 ఏళ్ళ లోపే ఇలా ఉండేదా అని అడుగుతారు, మీ అమ్మని వెంట తీసుకెళ్ళు. నీ మూడో క్లాసు ప్రోగ్రెస్ కార్డు ఉంటే అదీ పట్టుకెళ్ళు. "తెలివుంది, శ్రద్ధ లేదు" అని దాని మీద రాసింది నేనేనమ్మా, క్లాస్ టీచర్ని కదా, అప్పుడు నాకు తెలిసింది అంతే. ఇప్పటికీ తలుచుకుంటే చెయ్యి కొరుక్కోవాలనిపిస్తాది.

మందు రాస్తే కంగారు పడకు. మిథైల్‌ఫెనిడేట్ అయితే వేసుకున్నరోజే తెలుస్తాది, అటామాక్సెటిన్‌కి వారాలు పడతాది. ఏ మందైనా బల్ల మీద కాగితాలు సర్దదు, అది నేర్చుకోడానికే ఈ థెరపీ.

ఇప్పుడు అసలు సంగతి, మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు. 2016లో నేనూ ఈ థెరపీకే వైజాగ్ వెళ్ళేదాన్ని, పొద్దున్నే విజయనగరం స్టేషన్లో రైలెక్కి. మొదటి రెండు మూడు వారాలు డైరీ, పనుల జాబితా, అంతే. తర్వాత గడియారం పెట్టుకుని ఎంతసేపు ఒక్క పని మీద ఉండగలనో చూసుకోమన్నారు, నాకు తొమ్మిది నిమిషాలొచ్చింది, ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పినదాన్ని, తొమ్మిది నిమిషాలు! సరే, పేపర్లు దిద్దడం తొమ్మిదేసి నిమిషాల ముక్కలు చేసుకున్నాను, మధ్యలో ఇంకేదైనా గుర్తొస్తే లేవకుండా పక్క కాగితం మీద రాసి పెట్టీడం. పని చేసింది. ఆరో వారానికి ఇల్లు ఇల్లులా ఉంది, మీ బాబాయ్ కూడా మెచ్చుకున్నారు.

అక్కడే చెడిపోయింది. బాగయిపోయాను కదా అనుకున్నాను, పైగా పైడితల్లమ్మ పండగ, సిరిమాను మంగళవారం, ఇంటినిండా చుట్టాలు, ఆ వారం డైరీ ముట్టలేదు. హోంవర్క్ చెయ్యకుండా ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం, పై వారం రాసుకుని వెళ్దాం అనుకున్నాను. పై వారానికి రెండు వారాలది బాకీ. ఫోనొస్తే ఎత్తలేదు. పిల్లల్ని హోంవర్క్ చెయ్యలేదని ఎండలో నిలబెట్టిన టీచరమ్మకి తన వంతు వచ్చేసరికి పారిపోవడం బాగా వచ్చింది.

మీ బాబాయ్ పాలసీ ప్రీమియం 18 వేలు కవర్లో పెట్టి బీరువాలో పట్టుచీర మడతలో దాచాను, ఆ నెలాఖరుకి కట్టాలి. మర్చిపోయాను. నవంబర్లో నోట్లు రద్దయ్యాయి, బేంకు ముందు క్యూలో నిలబడి ఇంట్లో ఉన్న పాతవన్నీ వేసొచ్చాను, ఆ కవరు మాత్రం బుర్రలోకి రానేలేదు. సంక్రాంతికి చీర తీస్తే జారి పడింది, 36 నోట్లు, అన్నీ పాత ఐదొందలే, డిసెంబరు 30తో గడువు అయిపోయింది. పాలసీ లాప్సయిపోయింది, మళ్ళీ తెరిపించాలంటే మెడికల్ టెస్టులు, చూస్తే ఆయనకి షుగరు. ఒక్క మాట అన్లేదు తెలుసా మీ బాబాయ్, కవరు తీసుకెళ్ళి దేవుడి గదిలో పెట్టారు. తిట్టినా బాగుండేది.

జూన్లో సిగ్గు చంపుకుని మళ్ళీ వెళ్ళాను. తిడతాదనుకున్న ఆ సైకాలజిస్టు, డైరీ ఎక్కడ ఆగింది, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది అని మాత్రం అడిగింది. రాయకపోవడం కూడా ఆమెకి పనికొచ్చే సంగతేనంట. ఎనిమిది నెలలు నేను దాక్కున్నది దేనికే మరి? ఈసారి 14 పట్టాయి.

అందుకే చెప్తున్నాను, ఆరో వారం దగ్గర నీకు బాగుందనిపిస్తాది, మానీకు. హోంవర్క్ చెయ్యని వారం మరీ తప్పకుండా వెళ్ళు, ఖాళీ డైరీయే పట్టుకెళ్ళు. శ్రీకాకుళం నుంచి ప్రతివారం బస్సంటే నడుం పోద్ది, ఒకటి రెండు ఆన్‌లైన్లో చేస్తారేమో అడుగు, చిన్నవాల్తేరులో గవర్నమెంటు మానసిక ఆసుపత్రి కూడా ఉంది డబ్బు కష్టమైతే. రాత్రిపూట మనసు మరీ బాగోకపోతే 14416కి చెయ్యి, గవర్నమెంటు మానసిక సాయం నంబరు, ఫ్రీయే, నాకు చేసినా పర్లేదు, నేనెలాగూ రెండింటిదాకా పడుకోను.

మొదటి రోజు అయ్యాక బస్సులోంచే ఫోన్ చెయ్యి. ఇంకోటి, దసరా వెళ్ళాక సిరిమానుకి ఎలాగూ వస్తావు కదా, కానీ నీ సెషన్ గాని మంగళవారం పడిందంటే రావద్దు. ప్రసాదం పొట్లం కట్టి ఉంచుతాను, బుధవారం బాబాయ్ తెచ్చిస్తారు.

మీ పిన్ని