బ్యాటరీ లేని రేడియో దొరికింది, పాలిష్ పెట్టించనా?

ప్రశ్న: పాత రేడియోలు పోగేయడం ఈమధ్యే మొదలుపెట్టానండి. మొన్న ఓ చెక్కపెట్టె కొన్నాను, మూత తీస్తే నల్లటి పలక, తీగ చుట్టిన కాయిల్, చిన్న గాజు గొట్టంలో మెరిసే రాయి, దాన్ని తాకేలా సన్నటి తీగ. బ్యాటరీ పెట్టే చోటే లేదు. బీబీసీ అని గుండ్రటి ముద్ర ఉంది. ఇది నిజంగా పాతదేనా? పాలిష్ పెట్టించనా?

జవాబు: దయచేసి పాలిష్ మాత్రం వద్దండి! ఆ మాసిన రంగే దాని వయసుకి సాక్ష్యం, ఒకసారి గీకేస్తే మళ్ళీ రాదు. మీది క్రిస్టల్ సెట్, అంటే బ్యాటరీ లేకుండా గాల్లోంచి వచ్చే రేడియో తరంగాల శక్తితోనే పనిచేసే పాతకాలపు రేడియో, ఆ రాయి చాలావరకు గెలీనా, అంటే సీసం గంధకం కలిసిన ఖనిజం. ఇలాంటి రాయితో రేడియో తరంగాల్ని పట్టే డిటెక్టర్‌కి మన జగదీశ్ చంద్ర బోస్ గారికి 1904లోనే అమెరికా పేటెంట్ వచ్చింది, నాకైతే ఈ సెట్ ఏది చూసినా ముందు ఆయనే గుర్తొస్తారు.

బ్రిటన్‌లో బీబీసీ ప్రసారాలు 1922 నవంబర్‌లో మొదలయ్యాయి, ఆ తొలి రోజుల్లో అక్కడ అమ్మిన సెట్ల మీద బీబీసీ అని మధ్యలో, పోస్ట్‌మాస్టర్ జనరల్ ఆమోదించినట్టు చుట్టూ రాసి ముద్ర వేసేవాళ్ళు. కానీ ముద్ర ఒక్కటే చూసి నమ్మొద్దు, స్క్రూలు చూడండి. తలమీద ఒకటే గాడి ఉంటే మంచిదే, ప్లస్ గుర్తు గాడి ఉందంటే ఆ స్క్రూ 1930ల మధ్యలోనో ఆ తర్వాతో వచ్చినదే, అంటే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. లోపల చిన్న గాజు డయోడ్, అంటే ఆ రాయి పనినే చేసే తర్వాతి కాలపు భాగం, కనిపించినా అంతే.

ఆ నల్ల పలక ఎబొనైట్, అంటే గట్టిపరిచిన రబ్బరు అయ్యుంటుంది, వేడినీళ్ళతో కడిగినా ఎండలో పెట్టినా గోధుమరంగుకి తిరిగిపోతుంది, మెత్తటి పొడిబట్టతో దుమ్ము దులిపితే చాలు. రాయిని వేలితో ముట్టుకోకండి, చర్మం జిడ్డు అంటితే సరిగా పనిచెయ్యదు.

ప్రశ్న: రాయి దాని గిన్నెలో కదులుతోంది, సోల్డర్ చేయించొచ్చా? పాట వినిపిస్తుందా?

జవాబు: మామూలు సోల్డర్ వేడికి గెలీనా పాడైపోతుందండి, అందుకే అప్పట్లో 70 డిగ్రీల దగ్గరే కరిగే వుడ్స్ మెటల్ అనే మిశ్రమలోహంతో బిగించేవాళ్ళు. ప్రస్తుతానికి రాయి చుట్టూ పల్చటి రేకు చుట్టి గిన్నెలో బిగుతుగా కూర్చోబెట్టండి.

వినాలంటే పొడుగాటి ఏరియల్, మంచి ఎర్త్ (నేలలోకి దింపిన తీగ), దగ్గర్లో మీడియం వేవ్ స్టేషన్ కావాలి, చాలా దేశాల్లో వాటిని మూసేస్తున్నారు కాబట్టి ఏమీ వినిపించకపోతే తప్పు సెట్‌ది కాకపోవచ్చు. ఫోన్ ఇయర్‌ఫోన్లు దీనికి పనికిరావు, రెండు వేల ఓములు, ఆపైన నిరోధం ఉండే పాత హెడ్‌ఫోన్ కావాలి. ఉరుములొస్తుంటే మాత్రం బయటి ఏరియల్ జోలికి పోకండి. తీగ మొనని రాయి మీద వెంట్రుకవాసి జరుపుతూ పోండి, ఒకచోట గరగర, ఇంకోచోట ఏమీ ఉండదు, ఓపిగ్గా వెతుకుతుంటే ఎక్కడో ఒకచోట ఉన్నట్టుండి మనిషి గొంతు సన్నగా వస్తుంది, అది దొరకగానే చెయ్యి తీసేసి ఊపిరి బిగబట్టి వినండి, బల్ల కదిలినా పోతుంది.