రెండు సర్వర్లకు భారం పంచేదెలా?

ప్రశ్న: మా ప్రాంతపు తెలుగు విద్యార్థులకు ప్రతి ఆదివారం ఆన్‌లైన్‌లో నమూనా పరీక్షలు పెడుతున్నాం. పరీక్ష తెరుచుకోగానే అందరూ ఒక్కసారిగా రావడంతో మా లినక్స్ సర్వర్ ఆగిపోతోంది. రెండో సర్వర్ కొన్నాం. భారాన్ని సర్వర్లకు పంచే లినక్స్ వర్చువల్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ వాడాలంటే లినక్స్ మూలభాగమైన కెర్నల్‌కు ప్యాచ్ (అదనపు కోడ్) వేసుకోవాలని నా దగ్గరున్న పాత పుస్తకం చెబుతోంది. అది ఇంకా అభివృద్ధిలో ఉందా? లేక అదే పని చేసే హెచ్ఏప్రాక్సీ మేలా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ పుస్తకం తప్పు చెప్పలేదు, దాని కాలం దాటిపోయింది. 1998లో వెన్‌సాంగ్ ఝాంగ్ ప్రారంభించిన ఆ సాఫ్ట్‌వేర్‌కు తొలి సంవత్సరాల్లో ప్యాచ్ తప్పనిసరి. 2003లో వచ్చిన 2.4.23 కెర్నల్‌తో అది లినక్స్‌లో అంతర్భాగమైంది కనుక ఇప్పుడు దాని పని కెర్నల్‌తో పాటే సాగుతోంది. 2018లో 4.18 కెర్నల్ ద్వారా మాగ్లెవ్ అనే పంపిణీ పద్ధతి కూడా అందులో చేరింది.

అయినా మీకు నేను సూచించేది హెచ్ఏప్రాక్సీనే. వర్చువల్ సర్వర్ నెట్‌వర్క్‌లో వచ్చే డేటా ముక్క (ప్యాకెట్)లోని చిరునామాను, పోర్టును (ఏ సేవకో తెలిపే సంఖ్య) చూసి దారి మళ్లిస్తుందే తప్ప లోపలి అభ్యర్థనను చదవదు. అందువల్ల అది చాలా వేగంగా పనిచేస్తుంది, కానీ ఆ వేగం అవసరమయ్యేంత రద్దీ మీకు ఉండకపోవచ్చు. విల్లీ టారో మొదలుపెట్టిన హెచ్ఏప్రాక్సీ వెబ్ అభ్యర్థనను చదవగలదు కాబట్టి, లాగిన్ వివరాలు ఒకే సర్వర్‌లో నిల్వ ఉండే పద్ధతి మీదైతే, పరీక్ష మధ్యలో ఉన్న విద్యార్థిని కుకీ (బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు) ఆధారంగా చివరిదాకా అదే సర్వర్‌కు పంపగలదు. వెర్షన్ సంఖ్యలో చుక్క తర్వాత సరి అంకె ఉన్నదాన్నే ఎంచుకోండి, 2.8, 3.0 వంటి వాటికి దీర్ఘకాలం సవరణలు అందుతాయి.

చాలామంది పొరబడేది సర్వర్ ఆరోగ్య పరీక్ష, అంటే అది పనిచేస్తోందో లేదో చూసే అమరిక దగ్గర. ఆకృతీకరణ ఫైలులో, అంటే అమరికలు రాసే ఫైలులో, ఇందుకు check అన్న మాట రాస్తాం. ఆ ఒక్క మాటే రాసి వదిలేస్తే హెచ్ఏప్రాక్సీ పోర్టు తెరుచుకుంటోందా లేదా అన్నది మాత్రమే చూస్తుంది. లోపల ప్రోగ్రామ్ బిగుసుకుపోయినా సర్వర్ బాగానే ఉందనుకుని పిల్లలను అక్కడికే పంపుతుంది. కాబట్టి ప్రోగ్రామ్ స్వయంగా జవాబిచ్చే ఒక చిన్న పేజీని తయారుచేసి, దాన్ని అడిగేలా అమర్చండి. వేరే అమరిక చేయకపోతే రెండేసి సెకన్లకు ఒకసారి అడిగి, వరుసగా 3 సార్లు విఫలమైన సర్వర్‌ను అది పక్కన పెడుతుంది.

ఇక, భారం పంచే యంత్రమే ఆగిపోతే? మూడో యంత్రం కొనకుండానే రెండు సర్వర్లలోనూ హెచ్ఏప్రాక్సీని, దానితో పాటు అలెగ్జాండర్ కాసెన్ రాసిన కీపలైవ్‌డ్ అనే సాఫ్ట్‌వేర్‌నూ పెట్టండి. విద్యార్థులు వచ్చే ఐపీ చిరునామా ఒక సమయంలో ఒక సర్వర్‌పైనే ఉంటుంది. అది తన ఉనికిని తెలిపే సందేశాలు ఆపేస్తే కొద్ది సెకన్లలో రెండోది ఆ చిరునామాను తీసుకుంటుంది. అయితే రెండూ ఒకే గదిలో, ఒకే కరెంటు లైనుపై ఉంటే ఈ ఏర్పాటు ఫలించదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాను ఎంత దెబ్బతీసిందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇవన్నీ చేసే ముందు వచ్చే ఆదివారం డేటాబేస్‌ను గమనించండి. ఆలస్యం అక్కడే జరుగుతుంటే, రెండు సర్వర్లూ వెళ్లి ఆ ఒక్క డేటాబేస్ దగ్గరే నిలబడతాయి కనుక ముందు దాన్ని సరిచేయాలి.