ఆఖరు ఓడ ప్రయాణమని అన్ని రేవులూ దిగాలా?

ప్రశ్న: టీచర్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 75, మా ఆవిడకి 71. ఇంతకుముందు రెండుసార్లు ఓడ ఎక్కాం, సింగపూర్ నుంచి ఒకసారి, ముంబయి నుంచి ఒకసారి. సియాటిల్‌లో ఉన్న మా అబ్బాయి ఈ ఆగస్టుకి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ బుక్ చేశాడు. మా ఆవిడకి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, కర్ర లేకుండా నడవలేదు. నాకు షుగరు, ప్రోస్టేటు. "ఇదే ఆఖరు, మళ్లీ ఓడ మాటెత్తకండి" అని ఆవిడ ముందే చెప్పేసింది. అబ్బాయేమో ప్రతి రేవులోనూ టూరు కట్టేస్తానంటున్నాడు. ఆఖరుది కదా, ఏదీ వదలకూడదని నాకూ ఉంది. మీరు వెళ్లొచ్చారని విన్నాను. ఏమంటారు?
ఒక పాఠకుడు, రాజోలు మండలం

జవాబు: అన్నయ్య గారూ, "ఏదీ వదలకూడదు" అన్నారు చూశారా, అక్కడే నాకు పేచీ. ఆ మాట అనుకునే మేం అసలుది పోగొట్టుకున్నాం.

మూడేళ్ల క్రితం మేమిద్దరం ఇదే దారిలో వెళ్లాం. స్కాగ్‌వే అనే ఊళ్లో పొద్దున్న రైలు, మధ్యాహ్నం బస్సు టూరు, సాయంత్రం షాపులు. డబ్బు కట్టేశాం కదా అని ఒక్కటీ మానలేదు. మర్నాడు గ్లేసియర్ బే, అంటే హిమానీనదాలు సముద్రంలోకి దిగే అఖాతం. తెల్లారేసరికి మా వారి కాళ్లు బూరెల్లా ఉబ్బిపోయాయి. కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టి, నేనూ పక్కనే ఒరిగాను. అంతే, నిద్ర పట్టేసింది. ఎక్కడో తాటిచెట్టు కూలినట్టు చప్పుడైతే లేచాను. మంచుగోడ విరిగి నీళ్లలో పడిన చప్పుడది. కర్ర వెతుక్కుని, లిఫ్టు కోసం నిలబడి, వెనక డెక్కు మీదకి చేరేసరికి ఓడ తిరుగుముఖం పట్టింది. దూరంగా తెల్లగా, వేలెడంత కనపడింది. 31 ఏళ్లు సోషల్ టీచరుగా బోర్డు మీద సుద్దముక్కతో హిమానీనదం బొమ్మ గీసినదాన్ని నేను. చూడాల్సిన రోజున గురక పెట్టాను.

అందుకని మీరు ముందు చేయాల్సింది, వారం మొత్తంలో గ్లేసియర్ రోజు ఏదో చూసుకుని, దాని ముందురోజు సగం పని తగ్గించుకోవడం. అన్ని ఓడలూ గ్లేసియర్ బేలోకి వెళ్లవు. రోజుకి రెండు క్రూజ్ ఓడల్నే రానిస్తారు. మీ ఓడ వేరే మంచుగోడ దగ్గరికి వెళ్తుందేమో అబ్బాయిని అడగండి. అదీ బాగానే ఉంటుంది, ముందురోజు సంగతి మాత్రం అదే. బేలోకి వెళ్లే ఓడైతే పార్కు రేంజర్లు పొద్దున్నే ఎక్కి మైకులో చెబుతూ ఉంటారు. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ మనుషులు వచ్చినప్పుడు మంచు దాదాపు బే ముఖద్వారం దాకా ఉందట. 1879కి 30 మైళ్లకి పైగా వెనక్కిపోయింది. ఇప్పుడు ఓడలు ఆగే మార్జరీ గ్లేసియర్ ఒక మైలు వెడల్పు, నీటి మీద 250 అడుగుల ఎత్తు. దాని ముందు ఓడ మెల్లగా చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఎటువైపు కూర్చున్నా కనపడుతుంది. జనంతోపాటు అటూ ఇటూ పరిగెత్తకండి. దుప్పటి, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని పెందలాడే వెళ్లి కుర్చీ పట్టుకోండి, చాలు.

ఇక రేవులు. స్కాగ్‌వేలో రైలొక్కటి ఎక్కండి. 1898లో మొదలుపెట్టి 1900కి పూర్తి చేసిన బంగారం వేట కాలపు లైను. 20 మైళ్లలో దాదాపు 3,000 అడుగులు ఎక్కుతుంది. వదిన గారు కిటికీ పక్కన కూర్చుంటే కొండలు వాటంతటవే వస్తాయి. దిగాక నేరుగా ఓడకే. బస్సు వద్దు, షాపులు వద్దు. జూనోలో రేవు పక్కనే రోప్‌వే ఉంది, 1,800 అడుగుల పైకి తీసుకెళ్తుంది. అలాస్కా రాజధాని అదే, కానీ బయటినుంచి రోడ్డే లేదు, ఓడో విమానమో ఎక్కాల్సిందే. అది విని మా వారు "అయితే ఇదీ లంకే" అన్నారు.

కెచికాన్‌లో మాత్రం దిగండి. అసలు మీరు పులసల వేళకి ఊరు వదిలి వెళ్తున్నారు, అది తప్పే. ఆ తప్పుకి అక్కడ కొంత పరిహారం ఉంది. ఊరి మధ్యలో ఏరు, దాంట్లో ఆగస్టులో సాల్మన్ చేపలు ఎదురీదుతూ ఉంటాయి. సముద్రంలో పెరిగి, పుట్టిన ఏటికే గుడ్లు పెట్టడానికి వస్తాయి. మేం చెక్క వంతెన మీద గంటసేపు నిలబడిపోయాం. ఒకటి రాయి మీదకి ఎగిరి జారిపోవడం, మళ్లీ ఎగరడం, మళ్లీ జారడం. ఆరోసారికి దాటింది. మన పులసయితే గుడ్లు పెట్టి తిరిగి సముద్రంలోకి పోతుంది. వీటికి తిరుగు ప్రయాణం లేదు, ఆ ఏట్లోనే చచ్చిపోతాయి. ఆ రాత్రి ఓడలో సాల్మన్ వడ్డిస్తే మా వారు ఒక ముక్క నోట్లో వేసుకుని, "చింతపండు, బెండకాయలు పడుంటేనా..." అని ఊరుకున్నారు. రుచి సంగతి నన్నడక్కండి, నేను నరసాపురం దాన్ని. అన్నట్టు అక్కడ వాన ఎక్కువ, గొడుగు కాదు రెయిన్‌కోటు పట్టుకెళ్లండి. ఓ చేత్తో కర్ర పట్టుకుని ఇంకో చేత్తో గొడుగు పట్టుకుంటే రెయిలింగుకి చెయ్యి మిగలదు.

ఓడ దిగే గ్యాంగ్‌వే గురించి ఎవరూ చెప్పరు. అక్కడ ఆటుపోట్లు చాలా ఎక్కువ. మన రేవులో పంటు ఎక్కేవాళ్లకి ఇది కొత్త కాదు, పోటు మీద ఒకలా, పాటులో ఒకలా ఉంటుంది. గ్యాంగ్‌వే వాలు కూడా అంతే. పొద్దున్న చదునుగా ఉన్నది సాయంత్రానికి నిలువుగా నిలబడొచ్చు. ఏ వేళ వాలు తక్కువో గ్యాంగ్‌వే దగ్గరి మనిషిని అడిగి ఆ వేళకే దిగండి. చక్రాల కుర్చీ బయట కంపెనీల దగ్గర అద్దెకి దొరుకుతుంది, ముందే చెబితే గదిలో పెడతారు. ఓడలో ఉండే కుర్చీలు మామూలుగా అత్యవసరానికే, వాటిని నమ్ముకోవద్దు. వదిన గారు మొదట ససేమిరా అంటారు. మా వారూ అన్నారు. రెండో రోజునుంచి దిగనన్నారు.

సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమర వైపు నుంచి, అంటే అడ్డులేని పసిఫిక్‌లోంచి వెళ్తాయి. మొదటి రాత్రి, మర్నాడు ఊపు ఉంటుంది. గది ఓడకి మధ్యలో, కింది అంతస్తులో తీసుకోమనండి, ఊపు తక్కువ. వాంతుల మాత్ర మాత్రం మీ డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి. ఈ రకం మాత్రల్లో చాలావాటికి మగత వస్తుంది, ప్రోస్టేటు ఉన్నవాళ్లకి మూత్రం బిగదీసుకుపోవచ్చు. మందులన్నీ చేతిసంచీలోనే, చీటీతో సహా. అలాస్కా గడియారం సియాటిల్ కన్నా గంట వెనక, మీ షుగరు మాత్ర, భోజనం వేళలు చూసుకోండి.

గదిలో అసలు గండం బాత్రూం గడప. మన ఇంట్లో గడపకి పసుపు రాస్తాం, కనపడుతుంది. అక్కడ తెల్లటి స్టీలు, నాలుగు అంగుళాల ఎత్తు. మొదటి రాత్రే నా బొటనవేలు తగిలింది. అప్పుడు నా ఎర్ర బొట్టుబిళ్లలు ఆరు వరసగా దానికి అంటించాను. గది తుడిచే కుర్రాడు వారం రోజులూ వాటి చుట్టూ జాగ్రత్తగా తుడిచాడే గాని ఒక్కటీ పీకలేదు. గడప లేని గదులు కూడా ఉంటాయి, కాని కొన్నే. ఇప్పుడే అడగండి.

కాగితాల్లో రెండే ముఖ్యం. ఓడ ఒక సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. అది సరదాకి కాదు. అమెరికాలో ఎక్కి అమెరికాలోనే దిగే ప్రయాణంలో విదేశీ జెండా ఓడ మధ్యలో ఒక పరదేశపు రేవు తాకాలని 1886 నాటి చట్టం వల్ల. కాబట్టి మన పాస్‌పోర్టుకి అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా కావాలి. దానికి వారాలు, నెలలు పడుతుంది, ఇవాళే మొదలుపెట్టండి. రెండోది ఇన్సూరెన్సు. షుగరు, ప్రోస్టేటు, మోకాళ్లు, అన్నీ ఫారంలో రాయండి. దాస్తే క్లెయిము రాదు. ఓడలో డాక్టరు చూస్తే బిల్లు మీ గది ఖాతాలో పడుతుంది, డాలర్లలో.

మా తాతగారు 1920ల్లో కాకినాడ నుంచి స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లారు, డెక్కు మీద చాప పరుచుకుని. నాలుగేళ్లు అక్కడ ఉండి వచ్చినా ఆయన చెప్పిన కథలన్నీ సముద్రం మీదవే. నీళ్ల రంగు ఎప్పుడు మారిందో, రాత్రి పక్కవాడు ఏం పాడాడో. రంగంలో ఏం చూశారో మాకెవరికీ తెలియదు. మీ అబ్బాయితో చెప్పండి, టూర్లు రెండు చాలని. మిగిలిన పూటలు డెక్కు మీది కుర్చీలో వదిన గారి పక్కన కూర్చోండి. తిమింగలం నీళ్లు చిమ్మితే ముందు ఆవిడే చూస్తారు, పందెం.

ప్రశ్న: టీచర్ గారూ, అత్తగారూ మావగారూ వచ్చే నెల ఓడ ఎక్కుతున్నారు. ఇద్దరూ శాకాహారులు. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ పంపించొచ్చా?
ఒక కోడలు, తణుకు

జవాబు: అమ్మాయ్, కుక్కరు వద్దు. వేడిచేసే కరెంటు సామాను ఏదీ ఓడలోకి రానివ్వరు, ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టి దిగేటప్పుడు ఇస్తారు. ఇంట్లో వండినవీ ఒప్పుకోరు. కంపెనీ సీలు వేసిన పచ్చడి ప్యాకెట్లు పెద్ద సూట్‌కేసులో పెట్టు. చేతిసంచీలో పెడితే నూనె ఉందని విమానాశ్రయంలోనే ఆపేస్తారు. బుక్ చేసిన చోట "ఇండియన్ వెజిటేరియన్" అని ఇప్పుడే రాయించు. ఉత్తి వెజిటేరియన్ అంటే గుడ్డు వచ్చేస్తుంది. రోజూ రాత్రి భోజనం దగ్గర హెడ్ వెయిటర్‌కి మర్నాటి సంగతి చెబితే పప్పు, కూర చేసి పెడతారు. పెరుగు మాత్రం తియ్యగా ఉంటుంది, ప్లెయిన్‌ది అని గట్టిగా అడగమను. మావగారికి సిగ్గయితే అత్తగారిని అడగమను.