మధ్యలో తెగిన డేటా: ఫోన్‌కు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: సాయంత్రం వేళ ఆర్కే బీచ్‌లో 5జీ ఫోన్‌లో వీడియో చూస్తుంటే తరచూ ఆగిపోతోంది. అత్యవసర సమాచారం వచ్చినప్పుడు మన డేటాను మధ్యలో ఆపేసి దానికి దారి ఇచ్చే పద్ధతి 5జీలో ఉందని మా కళాశాలలో విన్నాను. నా వీడియో ఆగడానికి అదే కారణమా? అలా ఆపినప్పుడు ఆ సంగతి నా ఫోన్‌కు తెలుస్తుందా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: అలాంటి పద్ధతి ఉన్న మాట నిజమే గాని, మీ వీడియో ఆగిపోవడాన్ని దాని ఖాతాలో వేయలేము. 3.5 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో నడిచే 5జీలో సబ్‌క్యారియర్ల (డేటాను మోసే సన్నని ఉప తరంగాల) మధ్య ఎడం సాధారణంగా 30 కిలోహెర్ట్జ్ ఉంటుంది. అప్పుడు ఒక స్లాట్ (డేటా పంపడానికి కాలాన్ని విభజించిన వంతు) నిడివి అర మిల్లీసెకను. అందులో సింబల్స్ అనే చిన్న కాల ముక్కలు 14 ఉంటాయి కనుక ఒక్కొక్కటి సుమారు 36 మైక్రోసెకన్లు. అత్యవసర సమాచారం రెండు సింబల్స్ లాక్కున్నా మీకు పోయేది 71 మైక్రోసెకన్లే. పోయినదాన్ని మళ్లీ పంపడానికి పట్టే కాలం కలుపుకున్నా అది మిల్లీసెకన్ల వ్యవహారం. వీడియో యాప్ రాబోయే కొన్ని సెకన్ల భాగాన్ని ముందే దించుకుని ఉంచుకుంటుంది కాబట్టి అంత చిన్న లోటు దానికి ఆనదు. సాయంత్రం బీచ్ రోడ్డుకు చేరిన జనమంతా అవే టవర్లను పంచుకోవడాన్ని మొదట అనుమానించండి. పైగా మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైన 5జీ నుంచి మామూలు చందాదారులకు అందుతున్నది ప్రధానంగా బ్రాడ్‌బ్యాండ్ సేవే.

మీ రెండో ప్రశ్న ఇంతకంటే లోతైనది. ఓడరేవులో దూరం నుంచి నడిపే ఒక క్రేన్‌కు ‘ఆగు’ అన్న ఆదేశం పంపవలసి వచ్చిందనుకుందాం. ఇలాంటి వాటి కోసం 5జీ పెట్టుకున్న లక్ష్యం, 32 బైట్ల సమాచారాన్ని ఒక మిల్లీసెకనులోపు 99.999 శాతం నమ్మకంతో చేర్చడం. ఆ ఆదేశం ఎప్పుడు పుడుతుందో ముందుగా తెలియదు. దానికోసం స్పెక్ట్రమ్‌లో కొంత భాగాన్ని ఎప్పుడూ ఖాళీగా అట్టిపెడితే అది దండగ. అందుకని బేస్ స్టేషన్ (టవర్) అప్పటికే మీ ఫోన్‌కు పంపుతున్న దానిలో రెండు మూడు సింబల్స్‌ను తొలగించి, ఆ చోటులో క్రేన్ ఆదేశాన్ని పంపేస్తుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ చోటు ఖాళీగా లేదు, వేరొకరి సమాచారంతో నిండి ఉంది, మీ ఫోన్‌కు ఆ సంగతి తెలియదు. పుస్తకంలో ఒక పేజీ తెల్లగా ఉంటే అచ్చులో పోయిందని పాఠకుడు గ్రహిస్తాడు, అదే చోట మరో పుస్తకం పేజీ కుట్టి ఉంటే కథనే అపార్థం చేసుకుంటాడు. ఫోన్ అందుకున్న ప్రతి బిట్‌కూ ‘ఇది సున్నా కావచ్చు’, ‘ఇది ఒకటి కావచ్చు’ అంటూ నమ్మకపు స్థాయిని తెలిపే ఒక విలువను రాసుకుంటుంది. సిగ్నల్ బలంగా ఉంటే పరాయి బిట్లకు కూడా గట్టి నమ్మకాన్నే రాసుకుని, ఆ విలువల నుంచి అసలు సమాచారాన్ని రాబట్టే డీకోడర్‌ను తప్పుదారి పట్టిస్తుంది. డీకోడింగ్ విఫలమైనప్పుడు ఆ విలువలను పారేయకుండా, మళ్లీ వచ్చిన ప్రతితో కలుపుకోవడం ఫోన్ అలవాటు కాబట్టి ఆ విషం రెండో ప్రయత్నంలోకీ పాకుతుంది.

దీనికి విరుగుడుగా, మొబైల్ ప్రమాణాలను రూపొందించే 3జీపీపీ సంస్థ 2018లో పూర్తి చేసిన రిలీజ్ 15 ప్రమాణంలో ‘ప్రీఎంప్షన్ ఇండికేషన్’ అనే సూచనను చేర్చింది. డీసీఐ (టవర్ ఫోన్‌కు పంపే నియంత్రణ సమాచారం) ఫార్మాట్ 2_1 పేరుతో వచ్చే ఈ సందేశంలో ఒక్కో సెల్‌కు (టవర్ సేవ అందే ప్రాంతానికి) 14 బిట్లు ఉంటాయి. గడిచిన కాలాన్ని 14 ముక్కలుగా చేసి ముక్కకొక బిట్ చొప్పున గాని, కాలాన్ని ఏడు ముక్కలుగా, ఫ్రీక్వెన్సీని రెండు సగాలుగా చేసి గాని, ఒకటి ఉన్న చోట ‘ఇక్కడ నీకు పంపినది ఏమీ లేదు’ అని చెబుతుంది. ఇది ఒక్క ఫోన్‌కు రాసిన ఉత్తరం కాదు, ఆ సెల్‌లోని ఫోన్ల గుంపుకు వినిపించే చాటింపు. తనకు కేటాయించిన చోటు అందులో పడిందో లేదో ప్రతి ఫోనూ తానే సరిచూసుకోవాలి. విన్నానని బదులు చెప్పనక్కరలేదు, వినకపోతే మామూలు రీట్రాన్స్‌మిషన్ ఎలాగూ ఉంది. నాకు ఈ ఏర్పాటులో బాగా నచ్చేది ఆ పొదుపే.

సూచన కోత జరిగిన తరువాతే వస్తుంది. అప్పటికి ఫోన్ ఒకసారి డీకోడ్ చేసి విఫలమై ఉన్నా నష్టం లేదు. ఆ సింబల్స్ తాలూకు విలువలను సున్నాకు, అంటే ‘తెలియదు’ స్థితికి దించి, తరువాతి ప్రతితో కలుపుకుంటే చాలు. 5జీ డేటాలో తప్పులను సరిదిద్దే ఎల్‌డీపీసీ కోడ్‌లో ముందే అదనపు బిట్లు ఉంటాయి కనుక కోత చిన్నదైతే కొన్నిసార్లు మళ్లీ పంపే పనే తప్పుతుంది. మరో దారి కూడా ఉంది: దెబ్బతిన్న కోడ్ బ్లాకుల (డేటాను విడగొట్టిన ముక్కల) గుంపును మాత్రమే తిరిగి పంపుతూ, ‘పాతది చెడి ఉండవచ్చు, కలపవద్దు’ అని ఒక్క బిట్‌తో చెప్పడం. ఇవన్నీ పనిచేయాలంటే ఫోన్‌కు ఆ సామర్థ్యం ఉండాలి, నెట్‌వర్క్ దాన్ని అమర్చి ఉండాలి. తెరపై గుర్తేదీ కనిపించదు.

ప్రశ్న: ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే డేటాను కూడా ఇలాగే ఆపుతారా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆపుతారు, కానీ క్రమం తిరగబడుతుంది. కిందికి వచ్చే దిశలో పంపేది బేస్ స్టేషనే కనుక ముందు ఆపి తరువాత చెప్పినా సరిపోతుంది. పైకి వెళ్లే దిశలో మీ ఫోన్ ఒక చోట, అత్యవసర సమాచారం పంపే పరికరం మరో చోట ఉంటాయి. ముందుగా చెప్పకపోతే రెండూ ఒకేసారి పంపి, అత్యవసర సమాచారమే దెబ్బతింటుంది. అందుకే 2020లో పూర్తయిన రిలీజ్ 16లో డీసీఐ ఫార్మాట్ 2_4 అనే రద్దు సూచన వచ్చింది. ఫోన్ దాన్ని తరచూ వింటూ ఉండాలి, విన్న తరువాత పంపుతున్నదాన్ని ఆపడానికి తగిన వ్యవధి కావాలి కాబట్టి ఇది ఫోన్ మీదా, బ్యాటరీ మీదా మొదటిదానికంటే ఎక్కువ భారం మోపుతుంది. ఆపిన భాగం పోయిందని బేస్ స్టేషన్‌కు తెలుసు కనుక, దాన్ని మళ్లీ పంపమని అదే అడుగుతుంది.