మొదటి బ్యాచ్ బాగా వచ్చి, ఆ తర్వాతవన్నీ కుళ్ళిపోతుంటే

మొదటిసారి అన్ని కటింగులకీ వేర్లొచ్చాయి, రెండోసారి సగం పోయాయి, మూడోసారి దాదాపు ఒక్కటీ మిగల్లేదు, కాడల అడుగు నల్లబడి జిగురు పట్టేస్తోంది, రోజూ క్రిముల్ని చంపే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తున్నా, మంచి బ్యాక్టీరియా పొడులు వేస్తున్నా ఆగట్లేదు, ఇంకేం కలపాలి అని అడిగారు. కొత్తగా ఏమీ కలపకండి. ముందు క్లోనర్, అంటే కటింగులకి వేర్లు తెప్పించే పంపు ఉన్న నీళ్ళ డబ్బా, ఖాళీ చేసి కడగండి. నేనూ మూడు నెలల పాటు ఒక్కో సీసా కొనుక్కొచ్చి నీళ్ళలో పోస్తూనే ఉన్నాను. పాత బ్యాచ్ నుంచి కొత్త బ్యాచ్‌కి జబ్బు ఎక్కడ దాక్కుని వస్తోందో తెలిశాకే ఆగింది.

నాది అడుగు నుంచి కాడల మీదికి నీళ్ళు చిమ్మే రకం. ఒకరోజు మూత తీసి, కాస్త వేర్లేసిన కోలియస్ కాడ ఒకటి బయటికి లాగి ఒక వేరుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా జార్చాను. పైపొర తొడుగులా ఊడి నా వేళ్ళకి అంటుకుంది, లోపలి దారం లాంటి ఈనె మాత్రం కాడకి వేలాడుతూ మిగిలింది. వేర్లు కుళ్ళబెట్టే పిథియం అనే సూక్ష్మజీవి పట్టిందనడానికి ఇది గట్టి గుర్తు. చూడ్డానికి బూజులా ఉంటుంది కానీ నిజానికి బూజు జాతి కాదు, దాని బీజాలు నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళగలవు, అందుకే ఒక కాడకి పట్టిందంటే అదే నీళ్ళు తాగే మిగతా వాటికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

అప్పుడు కాడల్ని పట్టుకునే నియోప్రీన్ (స్పాంజి లాంటి రబ్బరు) రింగుని పిండి చూశాను. టీ రంగులో నీళ్ళు కారాయి, మురుగు వాసన. బ్యాచ్ అయిన ప్రతిసారీ డబ్బా తోముతున్నాను గానీ ఆ రింగుల్ని కుళాయి కింద తడిపి మళ్ళీ పెట్టేస్తున్నాను, పంపునైతే ఒక్కసారి కూడా విప్పలేదు. విప్పితే లోపలి చక్రం చుట్టూ జిగురే జిగురు.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. బ్యాచ్ తీసేసిన రోజే అన్నీ విప్పి, ముందు బ్రష్‌తో జిగురంతా రుద్ది తీసేస్తాను, ఎందుకంటే జిగురు పొర ఉండగా బ్లీచ్ లోపలికి దిగదు. తర్వాత మామూలు బ్లీచ్ 1 వంతుకి నీళ్ళు 9 వంతులు కలిపి, రింగులు కూడా అందులోనే పడేసి గంటసేపు పంపు నడుపుతాను. ఆపైన మంచినీళ్ళతో రెండుసార్లు నడిపి పారబోసి, అన్నిటినీ ఎండలో పూర్తిగా ఆరబెడతాను. ఆరబెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. రింగులు మెత్తబడి పగుళ్ళిస్తే పారేసి కొత్తవి పెట్టండి. ఒక్క జాగ్రత్త, బ్లీచ్ ఉన్న నీళ్ళలో వెనిగర్ గానీ, పీహెచ్ తగ్గించే యాసిడ్ గానీ పొరపాటున కూడా పోయొద్దు, విషవాయువు వస్తుంది.

రెండో సంగతి నీళ్ళ వేడి. నా క్లోనర్‌లో థర్మామీటర్ పెడితే 29 డిగ్రీలు చూపించింది, గదిలో చూస్తే 25. పంపు నీళ్ళలోనే మునిగి రాత్రీపగలూ తిరుగుతుంటే దాని వేడంతా నీళ్ళకే ఎక్కుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే. వేడి పెరిగేకొద్దీ కాడకి గాలి చాలదు, కుళ్ళు మాత్రం ఊపందుకుంటుంది. టైమర్ పెట్టి 15 నిమిషాలు నడిపి 15 నిమిషాలు ఆపుతున్నాను, డబ్బాని లైట్లకి దూరంగా జరిపాను, 20 నుంచి 22 మధ్య నిలబడేలా చూసుకుంటున్నాను. మూతలో ఖాళీ రంధ్రాలుంటే మూసేయండి, వెలుతురు పడితే నాచు పడుతుంది.

పెరాక్సైడ్ తప్పని అనను, కానీ అది త్వరగా విరిగిపోతుంది, ఎక్కువ పోస్తే లేత వేర్ల కొసలే కాలిపోతాయి. మంచి బ్యాక్టీరియా పొడులు కూడా వేస్తున్నానన్నారు కదా, పెరాక్సైడ్ వాటినీ చంపేస్తుంది, రెండిట్లో ఒక్కటే వాడండి. వేర్లు వచ్చేదాకా ఎరువు అక్కర్లేదు, కుళాయి నీళ్ళు పోసి పీహెచ్ 5.5 నుంచి 6 మధ్య ఉంచితే చాలు. వేర్లు తెప్పించే హార్మోన్ జెల్ కాడ చివర పల్చగా అద్దండి, ముద్దగా పెడితే కరిగి నీళ్ళలో కలిసి జిగురుకి మేతవుతుంది.

కటింగ్ విషయానికొస్తే, తల్లి మొక్క ఆరోగ్యంగా ఉండాలి, బ్లేడుని 70 శాతం ఆల్కహాల్‌తో తుడుచుకోవాలి, కణుపుకి కాస్త కింద కోయాలి, రింగు కింద ఒక్క ఆకు కూడా మిగలకూడదు. ఆకు తడిసి కుళ్ళితే అక్కణ్ణుంచే మొదలవుతుంది.

అయిదారు రోజులకి కాడ మీద తెల్లటి చిన్న బుడిపెలు కనిపిస్తే జబ్బేమోనని టెన్షన్ పడి పీకేయకండి. గట్టిగా, తెల్లగా, వాసన లేకుండా ఉంటే అంతా బాగున్నట్టే. నేను మొదట్లో అలాంటివి నాలుగు పారేశాను, ఇప్పటికీ బాధే.

ఇప్పుడున్న వాటిలో మెత్తబడ్డవి తీసేయండి. పైన ఆకులు ఇంకా నిలబడి ఉన్నవాటిని నలుపుకి ఒక కణుపు పైన, కాడ లోపల పచ్చగా కనిపించే చోట మళ్ళీ కోసి, కడిగిన డబ్బాలోనే పెట్టండి. మీ పంపు ఆగకుండా నడుస్తోందా? సాయంత్రం ఒకసారి నీళ్ళలో థర్మామీటర్ పెట్టి ఎంతుందో చెప్పండి, దాన్ని బట్టి టైమర్ ఎలా పెట్టాలో చూద్దాం.