సగానికి నొక్కితే రెట్టింపేనా?

ప్రశ్న: గాలిని సగానికి నొక్కితే పీడనం రెట్టింపవుతుందని మా అబ్బాయి ఫిజిక్స్ పుస్తకంలో ఉంది. కానీ సైకిల్ పంపు కొడుతుంటే గొట్టం వేడెక్కుతుంది కదండీ! అప్పుడూ అదే లెక్కా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మంచి పాయింటు పట్టుకున్నారమ్మా. ఆ వాక్యం పక్కనే ‘ఉష్ణోగ్రత మారకుండా ఉంటే’ అని ఉంటుంది చూడండి. పిల్లలు బట్టీ పట్టేటప్పుడు మొదట మింగేసేది ఆ ముక్కనే.

సూది లేని 10 మి.లీ. సిరంజి నిండా గాలి లాగి, మూతిని వేలితో గట్టిగా మూసి, మెల్లగా 5 దాకా నొక్కమనండి. పుట్టిన వేడి ఎప్పటికప్పుడు బయటికి పోతుంది కాబట్టి పీడనం రెట్టింపే. శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ 1662లో అచ్చు వేసిన ప్రయోగమూ ఇలాంటిదే. ‘జె’ ఆకారపు గాజు గొట్టంలో పాదరసం పోస్తూ వెళ్లాడు. పీడనాన్ని పాదరసం ఎత్తుతో కొలిచాడు. మొదట గాలి మీద పీడనం 29 అంగుళాల పాదరసానికి కాస్త పైన. గాలి సగానికి కుంచించుకునేసరికి దాదాపు 58.8. లెక్క ప్రకారం 58.25 రావాలి. ఆ తేడాను దాచకుండా పట్టికలో పక్కపక్కనే పెట్టాడు చూడండి, నాకు అది మరీ నచ్చుతుంది.

పంపు గబగబా కొడితే వేడికి బయటపడే వ్యవధి ఉండదు. ఏమాత్రం వేడీ పోలేదనుకుంటే, సగానికి నొక్కిన గాలి పీడనం సుమారు 2.6 రెట్లవుతుంది. పిడిని అలాగే పట్టుకుని ఆగితే, గాలి చల్లారి రెట్టింపుకు దిగుతుంది.

అన్నట్టు, టైరు గేజి చూసి ఈ లెక్క వేయకండి. అది వాతావరణ పీడనాన్ని మినహాయించి చూపిస్తుంది.